డీయూఐ కాస్తా ‘వెట్ రెక్‌లెస్’ అయితే గొడవ వదిలినట్టేనా? కాదు

అమెరికాలోని మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తెగ తిరుగుతోంది: "కాలిఫోర్నియాలో తాగి నడుపుతూ దొరికినా కంగారు అక్కర్లేదు. మంచి లాయర్‌ని పెట్టుకుని వెట్ రెక్‌లెస్‌కి తగ్గించుకుంటే లైసెన్సు పోదు, మళ్లీ దొరికితే ఇది లెక్కలోకి రాదు, వీసా ఫారంలో రాయక్కర్లేదు, ఏడేళ్లకు రికార్డు తుడిచిపెట్టుకుపోతుంది." డీయూఐ అంటే మత్తులో బండి నడిపిన కేసు. దాన్ని మద్యం ప్రమేయమున్న ‘నిర్లక్ష్యపు డ్రైవింగ్’ అనే చిన్న నేరానికి తగ్గించడమే వెట్ రెక్‌లెస్. అలా తగ్గించుకునే అవకాశం దొరికితే వదులుకోకూడదు, అంతవరకు నిజమే. జైలు గరిష్ఠ పరిమితి ఆరు నెలల నుంచి 90 రోజులకు దిగుతుంది, కోర్టు పంపే ఆల్కహాల్ క్లాసులు కూడా సాధారణంగా తగ్గుతాయి. తక్కినవన్నీ తప్పు. వాటిని నమ్మి ఇండియా టికెట్ కొనుక్కునేవాళ్లు ఉన్నారు కాబట్టి ఒక్కొక్కటీ విప్పి చూడాలి.

"మళ్లీ దొరికితే లెక్కలోకి రాదు." వస్తుంది. కాలిఫోర్నియా వెహికల్ కోడ్ 23103.5 ప్రకారం, డీయూఐ కేసును రెక్‌లెస్‌కి తగ్గించేటప్పుడు ఆ ఘటనలో మద్యం ప్రమేయం ఉందో లేదో ప్రాసిక్యూటర్ కోర్టు రికార్డులో చెప్పి తీరాలి. ‘వెట్’ అన్న పేరు వచ్చింది ఆ ఒక్క వాక్యం వల్లే. అది రికార్డులోకి ఎక్కితే తర్వాతి పదేళ్లలో జరిగే డీయూఐకి ఇది మొదటి నేరంగా లెక్క. అంటే అప్పుడు కొత్త కేసు రెండో డీయూఐ అవుతుంది: లైసెన్సు రెండేళ్లు సస్పెన్షన్, క్లాసులు కనీసం 18 నెలలు. ఈ పదేళ్లను నేరం జరిగిన తేదీ నుంచి నేరం జరిగిన తేదీకి కొలుస్తారు, తీర్పు తేదీతో సంబంధం లేదు. ఆ వాక్యం లేని ‘డ్రై రెక్‌లెస్’ అయితే ఈ లెక్కలోకి రాదు. మీకు ఇస్తానంటున్నది రెండింటిలో ఏదో సంతకానికి ముందే లాయర్‌ని అడగండి.

"లైసెన్సు పోదు." కోర్టు తీసుకోకపోవచ్చు. లైసెన్సులిచ్చే ప్రభుత్వ శాఖ డీఎంవీ తీసుకుంటుంది. అరెస్టు రోజు ప్లాస్టిక్ లైసెన్సు లాక్కుని ఇచ్చే గులాబీ రంగు కాగితమే 30 రోజుల తాత్కాలిక లైసెన్సు, సస్పెన్షన్ నోటీసు కూడా అదే. డీఎంవీని హియరింగ్ కావాలని పది రోజుల్లోగా అడగకపోతే, రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం, ఆపైన ఉన్న మొదటి కేసుకి నాలుగు నెలల సస్పెన్షన్ దానంతట అదే మొదలవుతుంది. పరీక్షకు నిరాకరిస్తే ఏడాది. కోర్టులో కేసు తగ్గినంత మాత్రాన ఇది ఆగదు. చాలామంది కోర్టు తేదీ కోసం చూస్తూ ఈ పది రోజులు పోగొట్టుకుంటారు. దానికి తోడు వెట్ రెక్‌లెస్‌కి డ్రైవింగ్ రికార్డులో రెండు తప్పు పాయింట్లు పడతాయి. మూడేళ్లలో ఒక్క పాయింట్ దాటితే ఇన్సూరెన్సులో గుడ్ డ్రైవర్ డిస్కౌంట్ ఉండదు.

"వీసా ఫారంలో రాయక్కర్లేదు." అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 అడిగేది శిక్ష గురించి మాత్రమే కాదు, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని కూడా. క్షమాభిక్ష దొరికిన కేసులైనా చెప్పమంటుంది. అరెస్టు రోజే వేలిముద్రలు ఎఫ్‌బీఐకి చేరిపోతాయి. కాబట్టి ‘లేదు’ అని టిక్ పెట్టడం దొరికిపోవడమే. కావాలని దాచారని తేలితే తప్పుడు సమాచారం కింద జీవితకాల నిషేధం పడవచ్చు. నిజం చెప్పిన డీయూఐకి అంత శిక్ష లేదు.

పైగా, 2015 నుంచి ఉన్న విదేశాంగ శాఖ విధానం ప్రకారం, గత ఐదేళ్లలో డీయూఐ అరెస్టు ఉంటే తీర్పుతో పని లేకుండా కాన్సులేట్ వీసాను రద్దు చేయవచ్చు. ఎక్కువగా ఈ కబురు ఈమెయిల్‌లో వస్తుంది. రద్దయ్యేది పాస్‌పోర్టులోని స్టాంపు. దేశంలోపల ఐ-94 (ప్రవేశ రికార్డు) మీద ఉన్న హెచ్1బీ స్టేటస్ సాధారణంగా దాంతోపాటే పోదు. కానీ బయటికి వెళ్తే కొత్త స్టాంపు లేనిదే తిరిగి రాలేరు. ఆ స్టాంపు కోసం ఐదేళ్లలో ఒక్క అరెస్టు, లేదా పదేళ్లలో రెండు ఉన్నా కాన్సులేట్ గుర్తించిన ప్యానెల్ డాక్టర్ దగ్గరికి పంపుతారు. మద్యం వ్యసనం, దానితో ప్రమాదకర ప్రవర్తన ఉన్నాయని డాక్టర్ తేలిస్తే అది ‘క్లాస్ ఎ’ అనే వైద్య అనర్హత, వీసా రాదు. ఇక మళ్లీ ప్రయత్నించడం మామూలుగా పన్నెండు నెలలు మద్యానికి దూరంగా ఉన్నట్టు చూపించాకే. విద్యార్థుల పరిస్థితి ఇంకా సున్నితం. 2025లో వీసాలు రద్దైన వేలమంది విద్యార్థుల్లో డీయూఐ ఉన్నవాళ్లూ ఉన్నారని విదేశాంగ శాఖే చెప్పింది.

"ఎక్స్‌పంజ్ చేయించుకుంటే పోతుంది" అని ఇంకో మాట కూడా వినిపిస్తుంది. ఎక్స్‌పంజ్ అంటే శిక్ష పూర్తయ్యాక కేసును కొట్టివేయించుకోవడం. కాలిఫోర్నియా పీనల్ కోడ్ 1203.4 కింద అలా చేయించుకోవడం ఉద్యోగాలకు కొంత పనికొస్తుంది, చేయించుకోండి. అయితే పదేళ్ల లెక్కలో ఆ కేసు అలాగే ఉంటుంది, ఇమిగ్రేషన్‌కీ శిక్ష పడినట్టే. టెక్సాస్‌లో 2019 సెప్టెంబర్ నుంచి మొదటి కేసులకు వచ్చిన డిఫర్డ్ అడ్జుడికేషన్ (తీర్పును ఆపి ఉంచి షరతులు పెట్టడం) కూడా అంతే. "తీర్పు రాలేదు కదా" అని డాలస్‌లో మనవాళ్లు ధైర్యంగా ఉంటారు. కానీ నేరం ఒప్పుకుని షరతులు పడితే ఫెడరల్ ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో అది శిక్షే.

ఏడేళ్ల మాట ఎక్కడిదంటే, కాలిఫోర్నియాలో బ్యాక్‌గ్రౌండ్ చెక్ కంపెనీలు ఏడేళ్లు దాటిన శిక్షలను ఉద్యోగాలిచ్చేవాళ్లకు చెప్పకూడదు. ఆ నియమం ప్రభుత్వానికి వర్తించదు.

పౌరసత్వం దగ్గర మాత్రం తగ్గింపు నిజంగా మేలు చేస్తుంది. 2019 నాటి కాస్టిల్లో-పెరెజ్ అనే ఇమిగ్రేషన్ కేసు నిర్ణయం ప్రకారం, ప్రవర్తనను పరిశీలించే కాలంలో రెండు డీయూఐ శిక్షలుంటే సత్ప్రవర్తన లేదనే అనుకుని మొదలుపెడతారు. ఒకటి రెక్‌లెస్‌గా మారితే ఆ రెండు లెక్కలోంచి బయటపడతారు. అయినా పౌరసత్వ దరఖాస్తు ఫారం ఎన్-400 అరెస్టులన్నీ అడుగుతుంది. పైగా ఆ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ 2025 ఆగస్టులో సత్ప్రవర్తన మీద ఇచ్చిన మెమో రెక్‌లెస్ ట్రాఫిక్ ఉల్లంఘనలను కూడా పేరు పెట్టి ప్రస్తావించింది.

నయాగరా అవతలి ఒడ్డుకి వెళ్లాలనుకునేవాళ్లకు ఇంకో సంగతి. 2018 డిసెంబర్ 18 నుంచి కెనడాలో మద్యం మత్తులో నడపడానికీ, ప్రమాదకరంగా నడపడానికీ గరిష్ఠ శిక్ష పదేళ్లు. వెట్ రెక్‌లెస్‌ని వాటిలో దేనితో పోల్చినా సరిహద్దులో వెనక్కి పంపే వీలుంది.

ఇప్పటికే తగ్గింపు తీసుకున్నవాళ్లు నాలుగు కాగితాలు కలిపి పెట్టుకోండి: కోర్టు ముద్ర ఉన్న తుది తీర్పు నకలు, పోలీసు రిపోర్టు, క్లాసులు పూర్తిచేసిన సర్టిఫికెట్, డీఎంవీ రికార్డు. ఇంకా కేసు నడుస్తున్నవాళ్లు ఒప్పందపు మాటలు ఖాయం కాకముందే క్రిమినల్ లాయర్‌నీ ఇమిగ్రేషన్ లాయర్‌నీ ఒకే ఫోన్ కాల్‌లో కూర్చోబెట్టండి.