రాజమండ్రా, కాకినాడా? ఏదో ఒకటే అనుకుందాం

సంక్రాంతి సంబరాల మర్నాడు పిల్లల యాత్ర గురించి పెట్టిన సమావేశానికి వచ్చినవాళ్ళకి ఆ కాగితం గుర్తుండే ఉంటుంది. సొంతూళ్ళకి దూరంగా పెరుగుతున్న మన పిల్లల్ని శీతాకాలం సెలవుల్లో గోదావరి జిల్లాలకు తీసుకెళ్ళాలన్నది ఆలోచన. బస రాజమండ్రిలోనా, కాకినాడలోనా అని చాలాసేపు వాదులాడుకున్నాం. చివరికి ఎవరి మనసూ నొప్పించడం ఎందుకని కమిటీవాళ్ళు రెండూ పెట్టేశారు. పొద్దున ఒక ఊరు, సాయంత్రం ఇంకో ఊరు. మధ్యలో కడియం, ద్రాక్షారామం, కోరంగి, ఉప్పాడ. ఆ కాగితంలో ఒక వరుస ఇలా ఉంది: "గోదావరి దర్శనం, ఫొటోలు: 20 నిమిషాలు." అది చదివాక భోజనాల దగ్గర నాకు ముద్ద దిగలేదు.

కమిటీవాళ్ళని తప్పుపట్టడం లేదు. ఉద్యోగాలకి సెలవులు పెట్టుకుని, చేతి డబ్బు ఖర్చు పెట్టుకుని చేస్తున్న పని అది. నా బాధంతా ఆ రాజీ గురించే. రెండు ఊళ్ళకీ న్యాయం చేద్దామనుకుని రెండిటికీ అన్యాయం చేశాం. మన పిల్లలకి బస్సు కిటికీ మిగిల్చాం.

మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. అటు రాజమండ్రికీ ఇటు కాకినాడకీ మధ్యలో పుట్టినదాన్ని కాబట్టి ఈ పంతం నాకు పాలతోపాటు పట్టిందే. మా ఇంట్లో పెళ్ళిబట్టలంటే రాజమండ్రి తాడితోట. కాలేజీ చదువులకీ, కలెక్టరాఫీసు పనులకీ కాకినాడ. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టేదాకా రెండూ ఒకే జిల్లాలో ఉండేవి. రాజమండ్రి పెద్ద ఊరే అయినా జిల్లా కేంద్రం మాత్రం కాకినాడ. ఆ ఉక్రోషం మా మేనత్తలకి చివరిదాకా పోలేదు. మా అమ్మ పుట్టిల్లు కాకినాడ. "ఏవుందే మీ రాజమండ్రిలో, గట్టూ దుమ్మూ తప్ప" అని అమ్మ అంటే, "మీది ఉప్పుగాలి ఊరు, ఇత్తడి సామాను ఏడాదికోసారి మార్చుకోవాలి" అని మేనత్త. రోజ్‌మిల్క్ గొప్పదా, కాజా గొప్పదా అన్నదాని మీద పండగపూట అలిగి భోజనం మానేసినవాళ్ళున్నారు మా ఇంట్లో. (కాజా కొరికితే లోపలి పాకం చొక్కా మీద పడాలి. పడకపోతే అది కాకినాడది కాదు. ఇందులో మాత్రం నేను అమ్మవైపే.) ఇలాంటి పంతాలు మానుకోవాలని సమావేశంలో గట్టిగానే అన్నాను. ఇప్పుడూ అంటాను. కానీ అవి తలుచుకుంటే ఇల్లంతా కళ్ళముందుకొస్తుంది.

నిజానికి ఈ రెండు ఊళ్ళూ ఒకదాన్ని వదిలి ఇంకోటి ఎప్పుడూ బతకలేదు. 1881లో కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపిస్తే, ఆ ఉద్యమానికి డబ్బిచ్చి నిలబెట్టిన పైడా రామకృష్ణయ్య గారు కాకినాడ వ్యాపారి. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సమయంలో ఖద్దరు ప్రదర్శన దగ్గర టిక్కెట్టు లేదని నెహ్రూ గారినే లోపలికి పోనివ్వకుండా ఆపిన పద్నాలుగేళ్ళ పిల్ల దుర్గాబాయి. ఆమె పుట్టింది రాజమండ్రిలో. మన పిల్లల్లో సగం మందికి ఇప్పుడు అదే వయసు. ఆ కథ ఒక్కటి వాళ్ళకి చెప్పినా నాకు సంతోషమే. కాగితంలో దానికి చోటు లేదు.

ముందు కాకినాడ సంగతి. తిన్నగా గీత గీసినట్టుండే వీధులు, పీఆర్ కాలేజీ, పక్కనే సముద్రం. హోప్ ఐలండ్ అడ్డుండబట్టి ఊరి దగ్గర అలల జోరు తక్కువ. అక్కణ్ణుంచి కోరంగి వెళితే మడ అడవి. చెక్కలబాట మీద నిలబడి కిందికి చూస్తే బురదలోంచి మేకుల్లా పైకి లేచిన వేళ్ళు కనిపిస్తాయి. ఆ చెట్లు వాటితోనే గాలి పీల్చుకుంటాయి. పోటుకి నీళ్ళు ఎక్కుతాయి, పాటుకి దిగిపోతాయి. ఆ రెండూ చూడాలంటే సగం రోజు అక్కడే ఉండాలి. ఉప్పాడలో జాందానీ మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒక్కో పువ్వునీ చేత్తో ఎక్కిస్తూ నేస్తారు. పది నిమిషాలు చూస్తే బుటాలో ఒక రేకైనా పూర్తవ్వదు. ఆ ఊరి తీరాన్ని సముద్రం ఏటేటా తినేస్తోంది. తుఫాను వస్తే బీచ్ రోడ్డు కోసుకుపోతుంది. మన పిల్లలు బళ్ళో చదివే వాతావరణ మార్పు పాఠం అక్కడ రాళ్ళకట్ట దగ్గర కళ్ళకి కనిపిస్తుంది. కాకినాడ కావాలన్నవాళ్ళ మాటలో బలం లేదని నేనెప్పుడూ అనను.

అయినా మొదటిసారి వచ్చే పిల్లల్ని రాజమండ్రిలోనే దించాలంటాను. ఎందుకో చెప్పాలంటే మా అబ్బాయి సంగతి చెప్పాలి.

ఆమధ్య డిసెంబరులో వాణ్ణి తీసుకుని దానవాయిపేటలో మా పిన్ని ఇంట్లో దిగాను. ఏ కార్యక్రమమూ పెట్టుకోలేదు. మొదట్లో వాడు ఫోన్లోంచి తల ఎత్తలేదు. పిన్ని రోజూ తెల్లారకుండానే ఇత్తడి చెంబు పట్టుకుని గోదారి రేవుకి వెళుతుంది. "రారా అబ్బాయ్, చెంబు మొయ్యడానికి తోడుండు" అని ఒకరోజు వాణ్ణి లేపి తీసుకుపోయింది. మర్నాడు పిలవకుండానే లేచాడు. మెట్ల మీద పూలమ్మే ఆవిడ వాడికి దోస్తయింది. ఎదురుగా ఉన్న హేవలాక్ వంతెన 1900 నాటిదనీ, 1997 నుంచి దాని మీద రైళ్ళు నడవడం లేదనీ ఎవరో చెబితే, మరి ఎందుకు తీసెయ్యలేదని ఆ రోజంతా మమ్మల్ని వేధించాడు.

తరవాత మా బాబాయి వాణ్ణి ధవళేశ్వరం తీసుకెళ్ళాడు. బాబాయి కాలువల మీద నీళ్ళ తలుపులు చూసుకునే లస్కరుగా చేసి రిటైరయ్యాడు. గుర్రం మీద కాటన్ దొర విగ్రహానికి వాడిచేత దణ్ణం పెట్టించాడు. 1852లో పూర్తయిన ఆనకట్ట ఎక్కడుండేదో, ఇప్పుడున్న బ్యారేజీ ఎందుకొచ్చిందో చెప్పి, కాలువ తలుపుల దగ్గర నిలబెట్టి అడిగాడు: "ఇక్కడ తలుపెత్తితే మీ తాతగారి చేలోకి నీళ్ళు ఎప్పటికెళతాయో చెప్పు చూద్దాం."

"గంట?"

"గంటేంట్రా! మీ తాతది శివారు చేను, కాలువ చివర్నుంటుంది. పై ఊళ్ళన్నీ తడిశాక, వంతొచ్చాక, అప్పుడు. రెండో పంట దాళ్వా నాట్లప్పుడు మీ తాత పిల్లకాలువ బోదె గట్టు మీద లాంతరు పెట్టుకుని రాత్రంతా కూర్చునేవాడు. ఆయ్, నిద్రపోతే పై చేనువాడు మళ్ళించేసుకుంటాడు మరి."

ఆ సాయంత్రం వాడే మా నాన్నకి ఫోన్ చేశాడు. "తాతయ్యా, మనది శివారా?" అన్నాడు. నాన్న అరగంట మాట్లాడాడు. అంతకుముందు వాళ్ళిద్దరి మధ్యా "బాగున్నావా, తిన్నావా" దాటి మాట సాగడం నేనెన్నడూ వినలేదు. మా ఊరికి కాలువ రోడ్డున వెళుతూంటే లాకులు కనబడ్డ ప్రతిచోటా కారు ఆపించాడు. ధవళేశ్వరంలో బయల్దేరిన నీళ్ళు కాలువ పట్టుకుని కాకినాడ దాకా పోతాయని తెలిసి, అదీ చూడాలన్నాడు.

అందుకే రాజమండ్రి ముందు అంటున్నాను. ధవళేశ్వరం దిగాక గోదారి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. డెల్టా అంతా అక్కణ్ణుంచే మొదలు. ఆ తలుపులు చూసిన పిల్లలకి పచ్చటి చేలు ఊరికే పచ్చగా లేవని తెలుస్తుంది. అది తెలిశాక కోరంగిలో ఏరు సముద్రంలో కలిసేచోటు చూపిస్తే, అప్పుడు దానికో అర్థం ఉంటుంది. పైగా డిసెంబరులో గోదారి నిమ్మళంగా ఉంటుంది. పాపికొండల లాంచీలు ఉంటాయి. పులస మాత్రం దొరకదు, అది వరద రోజుల చేప. 2027లో పుష్కరాలున్నాయి. ఆ జనసముద్రంలో రేవు చూసేకంటే ముందే ఒక ఖాళీ పొద్దున చూసుండటం మేలు.

ఇంటి దగ్గరున్న మనవాళ్ళకీ ఒక మాట. పిల్లలు రాగానే చుట్టాలిళ్ళన్నీ తిప్పడం, ప్రతి ఇంట్లో కాఫీ, ప్రతి ఇంట్లో పూతరేకులు, "ఎంత చిక్కిపోయాడో", "తెలుగు రాదా?" అన్న ప్రశ్నలు. ఎండ తగులుతుందనీ దోమలు కుడతాయనీ వీధిలోకి పోనివ్వరు. ప్రేమేనని నాకు తెలుసు. ఆ పూతరేకులు కూడా ఆత్రేయపురం నుంచి మనిషిని పంపి తెప్పిస్తారు. కానీ పిల్లాడు పాలప్యాకెట్టు కోసం ఒంటరిగా వీధి చివరికెళ్ళి రావడం కూడా ఊరు చూడటమే. దయచేసి వెళ్ళనివ్వండి.

కమిటీవాళ్ళని చేతులెత్తి అడుగుతున్నాను. ఆ కాగితం ఇంకా అచ్చుకి వెళ్ళలేదు. ఈసారి కాకినాడ కొట్టెయ్యండి. వచ్చే ఏడాది యాత్ర మొత్తం కాకినాడకే రాసెయ్యండి, ఆ తీర్మానం నేనే ప్రతిపాదిస్తాను. హోటలు బదులు ఇళ్ళల్లో బస చూడండి. రోజుకి ఒక్క చోటు, సాయంత్రాలు ఖాళీ. ఆ ఇరవై నిమిషాల వరుస తీసేసి, రోజూ పొద్దున రేవు అని రాయండి. మా పిన్నిని అడిగాను. మేడమీద గదులు ఖాళీగానే ఉన్నాయట, నలుగురు పిల్లల్ని పంపమంది. ధవళేశ్వరం చూపించడానికి బాబాయి ఎప్పుడు రమ్మన్నా సిద్ధం. ఇంకెవరిళ్ళల్లో ఎందరికి చోటుందో ఈ నెలాఖరులోగా కమిటీకి రాసి పంపండి.