సవరణ: పిల్లల ఆసుపత్రి ఇన్ఫెక్షన్ల లెక్క

విశాఖపట్నం పిల్లల వార్డుల గురించి ఇంతకుముందు రాసిన వ్యాసంలో "చేరిన 48 గంటల తరువాత బయటపడిన ప్రతి ఇన్ఫెక్షనూ ఆసుపత్రిలో సోకినదే" అన్న వాక్యాన్ని ఇలా సవరించి చదువుకోగలరు: చేరేనాటికి బిడ్డ ఒంట్లో లేనిదీ, పొదిగే దశలో (క్రిమి ఒంట్లో చేరినా లక్షణాలు ఇంకా బయటపడని దశ) సైతం లేనిదీ అయితేనే అది ఆసుపత్రి లెక్కలోకి వస్తుంది, 48 గంటలు ఒక కొండగుర్తు మాత్రమే. ఆటలమ్మ పొదిగే కాలం 10 నుంచి 21 రోజులు కనుక, విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో (కేజీహెచ్) చేరిన నాలుగో రోజున పొక్కులు తేలిన బిడ్డకు అది ఇంటి దగ్గరో బడిలోనో అంటుకున్నదే. అదే బిడ్డకు ఇంటికి వెళ్లిన వారానికి పొక్కులు వస్తే మాత్రం వార్డునూ అనుమానించాలి (ఆ కబురు వార్డుకు చేరడం అరుదు).

ఆ వ్యాసంలో ఆసుపత్రులను పోల్చిన తీరుకూ వివరణ అవసరం. సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద రక్తనాళం దాకా వేసే సన్నని గొట్టం) వల్ల వచ్చే రక్త ఇన్ఫెక్షన్లను చేరిన పిల్లల సంఖ్యతో కాక, నర్సు రోజూ ఒకే వేళకు మంచం మంచానికీ వెళ్లి లైన్ ఉన్న పిల్లలను లెక్కించి రిజిస్టరులో వేసిన అంకెల మొత్తంతో, అంటే లైన్ రోజులతో, భాగించి, ప్రతి 1000 లైన్ రోజులకు ఎన్నని చెప్పాలి. నవజాత శిశువుల విభాగంలో ఆ లెక్కను పుట్టిన బరువు వారీగా విడదీయాలి; లేకుంటే కిలో బరువైనా లేని శిశువులను చేర్చుకునే ఆసుపత్రే అన్యాయంగా చెడ్డపేరు మోస్తుంది.