కుట్లు విప్పారని భయపడకండి

సిజేరియన్ కుట్ల దగ్గర చీము పడితే పసుపు, పౌడర్ అద్ది ఊరుకోవద్దనే మాట అక్షరాలా నిజం. మా చెల్లెలు చంద్రగిరిలో బాలింతగా ఉండగా తొమ్మిదో రోజు నైటీ మీద తడి మరక కనిపించింది. కుట్ల చుట్టూ ఎర్రగా, ముట్టుకుంటే వేడిగా ఉంది. అమ్మ అప్పటికే పసుపు తెచ్చేసింది. నేనే వద్దని ఆటో ఎక్కించి తిరుపతి తీసుకెళ్లాను.

డాక్టరమ్మ రెండు కుట్లు విప్పి చీము తీసేశారు, అందులో ఏ క్రిమి ఉందో తెలుసుకోవడానికి కొంచెం కల్చర్ పరీక్షకు పంపారు. షుగర్ కూడా చూశారు. పుండును వెంటనే కుట్టలేదని మాకు ఒకటే టెన్షన్. పైన మూసేస్తే చీము లోపలే పేరుకుంటుందని, అడుగు నుంచి కండ పెరుగుతూ రావాలని ఆమె ఓపికగా చెప్పారు. రోజూ సెలైన్‌తో కడిగి గాజుగుడ్డ మార్చారు. మొదట్లో వాసనతో పచ్చగా వచ్చే గుడ్డ వారానికి శుభ్రంగా వచ్చింది, పుండు దానిమ్మ గింజలా ఎర్రబడింది. అప్పుడు మళ్లీ కుట్లు వేశారు.

ఇంకొకటి. ఇన్ఫెక్షన్ ఆపరేషన్ తర్వాత 30 రోజుల వరకూ బయటపడవచ్చు. డిశ్చార్జి రోజున ఈ మాట బాలింతకే కాదు, పక్కనుండే అమ్మకూ అత్తకూ చెప్పి పంపాలి. పథ్యమని గుడ్డు, పప్పు మాన్పించకండి. కండ దేంతో పెరుగుతుంది?