పథ్యం లేని మందు మందేనా?

నాటు వైద్యం శాస్త్రీయం కాదని చదువుకున్నవాళ్ళు తరచూ అంటూ ఉంటారు. పాపం, వాళ్ళు పసరు ఒక్కటే చూసి మాట్లాడతారు. అసలు మహత్తు పథ్యంలో ఉంది. గోదావరి డెల్టాలో పుట్టిన ప్రతివాడికీ తెలిసిన ఈ సంగతి మీద ఇంతవరకూ సరైన పరిశోధన జరగలేదు కాబట్టి, ఆ లోటు తీర్చడానికి నేనే పూనుకున్నాను.

పచ్చకామెర్లు తీసుకోండి. కళ్ళు పచ్చబడగానే మనిషిని చీకటితోనే లేపి, పరగడుపున, మోటార్ సైకిల్ మీద ఇద్దరి మధ్యన ఇరికించి పసరు పోసే ఆయన దగ్గరికి తీసుకెళ్తారు. ఏ ఆకో ఆయన చెప్పడు. చెబితే పనిచేయదట. డబ్బు కూడా అడగడు. కొబ్బరికాయ పక్కన మీకు తోచినంత పెట్టొచ్చు. మీకు ఎంత తోచాలో అరుగు మీద కూర్చున్నవాళ్ళు చెబుతారు. ఆ తర్వాత పథ్యం. నూనె, వంకాయ, గోంగూర, చేప, ఏదీ ముట్టకూడదు.

నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్-ఎ చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. తగ్గితే ఆ ఘనత పసరుది. తగ్గలేదనుకోండి, లోపల ఉన్నది హెపటైటిస్-బి అయినా, పిత్తనాళానికి రాయి అడ్డుపడినా, విచారణ మాత్రం ఒక్కటే.

"వంకాయ తిన్నావా?"

"లేదు బాబాయ్."

"చేప?"

"అబ్బే! మొన్న బావమరిది ఇంట్లో పులస పులుసు... ముక్క ముట్టుకోలేదు బాబాయ్, ఉత్త పులుసే."

"అదీ సంగతి!"

కేసు కొట్టేశారు. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత కట్టుకున్న నేల మీద, వరద రోజుల్లో, చేప మానెయ్యమనడంలో ఎంత ముందుచూపు ఉందో గమనించండి. రోగి తప్పు చేసి తీరతాడు. మందు ఎన్నటికీ తప్పు చేయదు. ఇన్సూరెన్సు కంపెనీ వాళ్ళు కూడా ఇంత గట్టి షరతు రాయలేరు.

పథ్యం విలువ తెలియక పెద్ద పెద్దవాళ్ళే బోర్లాపడ్డారు. హెపటైటిస్-బి వైరస్‌ని కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బ్లూంబర్గ్‌తో కలిసి మద్రాసు పరిశోధకులు, నేల ఉసిరి క్యాప్సూళ్ళు వాడిన సగానికి పైగా రోగుల రక్తంలో హెపటైటిస్-బి జాడ పోయిందని 1988లో లాన్సెట్ పత్రికలో రాశారు. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. మొక్క జాతిలో తేడా ఉందేమోనని తర్జనభర్జన పడ్డారు గానీ, వంకాయ తిన్నారేమో కనుక్కుందామని ఒక్కరికీ తట్టలేదు!

ఇక భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు చేసిన పొరపాటు ఇంకా పెద్దది. మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పిన మనిషి. 1923లో అమెరికా వెళ్ళారు. లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నడిపించిన బృందం బోదకాలుకి డీఈసీ మందు కనిపెట్టింది. మన దోమ, మన కాలు, మన ఊరి మనిషి. ఇంతకంటే నాటు మందు ఇంకెక్కడుంటుంది? కానీ ఆయన దానికి పథ్యం పెట్టడం మర్చిపోయారు. పైగా మందు పేరు కూడా బయటపెట్టేశారు.

ఫలితం అందరూ చూసిందే. ప్రభుత్వం ఆ మాత్రల్ని ఇంటింటికీ తిప్పి ఊరికే పంచింది. "భోంచేసి వేసుకుంటాంలే అమ్మా" అని ఆశా కార్యకర్తని సాగనంపి గూట్లో పడేశాం. కాలు వాచాక ఆ మాత్రతో వాపు తగ్గదు, రక్తంలో ఉన్న పురుగు పిల్లల్ని ముందే చంపడానికి అందరూ మింగాలి అని ఆవిడ చెప్పబోతే, "నా కాలు బానే ఉందిగా" అన్నాం. అట్ట మీద పేరు, తేదీ, కంపెనీ అన్నీ ఉన్న మందంటే మనకి అనుమానం మరి.

అందుకని ఆరోగ్య శాఖ వారికి ఒక విన్నపం. ఈసారి అట్టలు చించేసి, మాత్రల్ని అరటాకులో చుట్టి, ఆదివారం పొద్దు పొడవకముందు రేవు దగ్గర ఇవ్వండి. వచ్చేవాళ్ళు దారిలో ఎవరితోనూ మాట్లాడకూడదనండి. తిన్నాక మింగాల్సిన మాత్ర కాబట్టి ముందు చద్దన్నం పెట్టండి. గర్భిణులకి, రెండేళ్ళలోపు పిల్లలకి వద్దని శాస్త్రమే చెబుతోంది. గాలి సోకుతుందని చెబితే ఇంకా బాగా వింటారు. పథ్యం కూడా ఆలోచించి ఉంచాను. ఈ మందు నిజంగానే పనిచేస్తుంది కాబట్టి సాకు అక్కర్లేదు, జనం నిలబెట్టుకోగలిగేదే పెట్టాలి: మూడు వారాలు ఆనపకాయ మానెయ్యాలి. పులస జోలికి మాత్రం వెళ్ళకండి. ప్రభుత్వం పడిపోతుంది.