తెల్లవారుజాము గొంతుకు ఒక మనవి

మహారాజశ్రీ లాస్ ఏంజెలెస్ ప్రాంతీయ మెక్సికన్ సంగీత ఎఫ్‌ఎం స్టేషన్ వారి దివ్యసముఖానికి నమస్కరించి వ్రాయునది.

మొన్న మంగళవారం ఉదయం నాలుగున్నరకు, ఫ్రీవే మీద నా కారు వైపర్లు వానతో కుస్తీ పడుతుండగా, తమరి వ్యాఖ్యాత ఆకాశం నిర్మలంగా ఉందనీ, అద్దాలు దించుకుని హాయిగా వెళ్లమనీ స్పానిష్‌లో సెలవిచ్చారు. ముందెక్కడో లారీ బోల్తా పడి మూడు వరసలు మూసేశారు. రెండు గంటలు అక్కడే కూర్చున్నాను. తమరు ఆ ఊసే ఎత్తలేదు. ఎత్తడానికి అక్కడ మనిషంటూ ఉంటే కదా. ఆ పలకరింపు ముందురోజే వేరే రాష్ట్రంలో రికార్డు చేసి పెట్టినదని ఆ తరువాత తెలిసింది.

ఆగకుండా పది పాటలన్న తమరి వాగ్దానం మూడో పాట దగ్గరే యాక్సిడెంటు కేసుల వకీలు ప్రకటనతో ముగియడాన్ని నేను ఏనాడో క్షమించాను. ఫర్నిచర్ దుకాణం ముందు ఎండలో నిలబెట్టి, కచేరీ టికెట్టుకు బదులు స్టిక్కరు చేతిలో పెట్టడాన్నీ క్షమించాను. ఈ రికార్డు గొంతును మాత్రం క్షమించలేకపోతున్నాను, ఎందుకంటే తమరి వంశచరిత్ర నాకు తెలుసు.

మెక్సికన్ విప్లవ నాయకుడు పాంచో వియా సైన్యంలో టెలిగ్రాఫ్ పనిచేసిన పెద్రో గొంసాలెస్, ఇంగ్లీషు శ్రోతలెవరూ నిద్రలేవని వేళ గనుక చౌకగా దొరికిన సమయంలో, బర్‌బ్యాంక్‌లోని కె.ఇ.ఎల్.డబ్ల్యు. రేడియో స్టేషన్ నుంచి నాలుగింటికల్లా పనికి బయలుదేరే కూలీల కోసం పాడేవాడు. ఆయన బృందం పేరే లోస్ మద్రుగదోరెస్, అంటే తెల్లవారకముందే లేచేవాళ్లు. మెక్సికన్లను మూకుమ్మడిగా అమెరికా నుంచి వెళ్లగొడుతున్న ఆ రోజుల్లో మైకు ముందు దాన్ని ఖండించిన ఆ మనిషిని 1934లో అత్యాచారం కేసులో జైలుకు పంపారు. ఆరోపించిన అమ్మాయే అది అబద్ధమని తరువాత ఒప్పుకున్నా, 1940లో గానీ విడుదల చేయలేదు, చేసి దేశం దాటించారు. ఆయన సరిహద్దు అవతలి మెక్సికన్ ఊరు తిహువానా చేరి మళ్లీ మైకు పట్టుకున్నాడు.

1992లో కె.ఎల్.ఎ.ఎక్స్. అనే స్పానిష్ స్టేషన్ బాందా (బూరల మేళం), రాంచేరా (పల్లె పాటలు) లతో ఇంగ్లీషు స్టేషన్లన్నిటినీ దాటి ఈ నగరంలో మొదటి స్థానానికి చేరినప్పుడు, రేటింగు లెక్కలు తప్పేమోనని అనుమానించిన పెద్దలున్నారు. 2006 మార్చి 25న, ఎల్ పియోలిన్, ఎల్ కుకుయ్ వంటి ఉదయపు స్పానిష్ రేడియో వ్యాఖ్యాతలు వలసదారులపై కఠిన చట్టానికి నిరసనగా తెల్ల చొక్కాలు వేసుకుని రండని పిలిస్తే, పోలీసుల అంచనా ప్రకారమే 5 లక్షల మంది ఈ నగర వీధుల్లోకి వచ్చారు. అయ్యా, రికార్డు చేసి పెట్టిన గొంతు పిలిస్తే ఎవరు వస్తారు?

ఇక మర్యాద నా వల్ల కాదు. నీ తాతలు పాడింది నాలుగింటికి, నువ్వు నిద్రపోతున్నదీ ఆ నాలుగింటికే. జీతం మిగులుతుందని మనిషిని తీసేసి, వాడి స్థానంలో సీసాలో పోసిన నవ్వొకటి పెట్టావు. ఆ నవ్వుకు నా ఊరి పేరు కూడా సరిగ్గా పలకడం రాదు.

ఆ రోజు చివరికి పక్క వరసలో కూరగాయల ట్రక్కు పెద్దాయన అద్దం దించి, వానలోకి తల పెట్టి, కుడివైపు ఎగ్జిట్ తెరిచారు పొమ్మని నాకు కేకేశాడు. ఆయన క్యాబిన్‌లోనూ నీ పాటల టూబా బూరే మోగుతోంది. ఎలాగూ నాలుగింటికి లేచే మనిషి. ఆ మైకేదో ఆయనకివ్వు.

ఇట్లు,
పాటలకోసం ఇంకా స్టేషను మార్చని ఒక శ్రోత