స్పీడ్ సంగతి సరే, ఆపడం సంగతేంటి?

రిమోట్‌తో నడిపే మోడల్ బోట్ల రేసింగ్ మీద మీ పోస్టులో, నైట్రో ఇంజన్ (మెథనాల్, నైట్రోమీథేన్ కలిపిన ఫ్యూయల్‌తో నడిచేది) లేకపోతే అది రేసింగే కాదు, ఎలక్ట్రిక్ బోట్లు పిల్లల బొమ్మలు అని రాశారు కదా, ఇది మాత్రం ఒప్పుకోనండి. మంచి బ్రష్‌లెస్ మోటారు (లోపల రాపిడి బ్రష్‌లు లేని మోటారు), లైపో బ్యాటరీ (లిథియం పాలిమర్) పెట్టిన బోటు గంటకు 100 కిలోమీటర్లు దాటడం ఇప్పుడు వింతేం కాదు. అసలు భయం అక్కడే, ఇంజన్ ఒకసారి ఆగితే ఆగినట్టే కానీ ఎలక్ట్రిక్‌లో బ్యాటరీ తగిలించి ఉన్నంతసేపూ ప్రొపెల్లర్ ఎప్పుడైనా తిరగొచ్చు, పదును పెట్టిన మెటల్ ప్రొపెల్లర్ అయితే వేళ్లు పోతాయి, అందుకే బోటు చేతికి రాగానే ముందు కనెక్షన్ ఊడదీయాలి.

నైట్రో ఫ్యూయల్‌లో మెథనాల్ ఉంటుంది, అది అంటుకుంటే పట్టపగలు మంట సరిగ్గా కనపడదు, ఈ ముక్క మీరు రాయనేలేదు. పైగా ఆ ఫ్యూయల్ ఖరీదు, గ్లో ప్లగ్గులు (ఇంజన్‌లో ఫ్యూయల్‌ని అంటించేవి), నీడిల్ ట్యూనింగ్ (కార్బ్యురేటర్‌లో ఫ్యూయల్ పాళ్లు సరిచేయడం)... కొత్తవాళ్లకి తలనొప్పే. నన్నడిగితే జెనోవా జీ260 లాంటి 25.4 సీసీ పెట్రోల్ ఇంజన్ బెటర్, బంకులో పెట్రోల్ పోయించుకుని టూ స్ట్రోక్ ఆయిల్ కలుపుకుంటే చాలు, బరువెక్కువ అనేది నిజమే అనుకోండి. కానీ అది మ్యాగ్నెటో ఇగ్నిషన్, అంటే ఇంజన్ తిరుగుతుంటే స్పార్క్‌కి కరెంటు అదే తయారుచేసుకుంటుంది, బోటులో సిగ్నల్ అందుకునే రిసీవర్ బ్యాటరీ చచ్చినా స్పార్క్ వస్తూనే ఉంటుంది, సిగ్నల్ పోతే ఇంజన్ ఆగిపోయేలా కిల్ స్విచ్ పెట్టకుండా నీళ్లలో వదలొద్దు. ఫెయిల్‌సేఫ్‌ని (సిగ్నల్ పోతే థ్రాటిల్‌ని తనంతట తనే తగ్గించే సెట్టింగ్) కూడా ఒడ్డునే ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్) ఆఫ్ చేసి చూసుకోండి.

ఇంకోటి, ఆగిపోయిన బోటు కోసం చెరువులోకి ఈదుకుంటూ వెళ్లే హీరోలున్నారు బాబూ, లైఫ్ జాకెట్ వేసుకుని పడవలో వెళ్లండి, అదీ మిగతా బోట్లన్నీ ఒడ్డుకొచ్చాకే.