గడ్డి మేసిన వాక్యం

18 ఏళ్లు తెలుగు వ్యాకరణం చెప్పి విదేశానికి వచ్చిన నాకు, ఇక్కడి బడుల్లో చాక్‌పీసు పట్టాలంటే మళ్లీ మొదటినుంచి ఉపాధ్యాయ శిక్షణ పొందాలని తెలిసి నీరుగారిపోతున్న సమయంలో, భాషలు నేర్పే మొబైల్ యాప్ తయారుచేసే ఒక చిన్న సంస్థ పిలిచి ఉద్యోగమిచ్చింది. హోదా పేరు ‘కంటెంట్ డిజైనర్’. అంటే నల్లబల్ల ఉండదు, హాజరుపట్టీ ఉండదు, పిల్లలు కూడా ఉండరు. వాక్యం మాత్రం ఉంటుంది, దాన్ని ‘స్ట్రింగ్’ అంటారు. తప్పు దొరికితే ఎర్రసిరాతో సున్న చుట్టకూడదు, దాన్ని సరిచేయమని కోరే ‘టికెట్’ తెరవాలి.

నేను ఇన్నేళ్లూ ఒక్క అక్షరంగా నేర్పిన ‘స్త్రీ’ని కంప్యూటరు ఆరు యూనికోడ్ సంకేతాలుగా లెక్కపెడుతుందని మొదటి వారంలోనే తెలిసింది: స, త, ర, నడుమ రెండు పొల్లులు, చివర గుడిదీర్ఘం. స్త్రీల విషయంలో ఈ యంత్రంతో జాగ్రత్తగా మెలగాలని నాకు అప్పుడే తోచి ఉండవలసింది.

ఉదాహరణ వాక్యాల్లో కర్త స్థానంలో నేర్చుకునేవారి పేరే కనబడితే వారికి ఉత్సాహం పెరుగుతుందని మా సంస్థలో ఎవరికో ఆలోచన వచ్చింది. ఇంగ్లీషులో అది ఒక పూట పని. తెలుగులో కర్త మారితే క్రియ ఊరుకోదని నేను అడ్డుపడితే, ప్రోగ్రామరు కుర్రవాడు నోట్‌బుక్ తీసి, “సూత్రం చెప్పండి” అన్నాడు. వ్యాకరణ సూత్రం చెప్పమని తనంతట తానుగా అడిగిన మనిషిని నా సర్వీసులో అంతకుముందు చూడలేదు. ఆ పొంగులో చిన్నయసూరి మహద్వాచక, మహతీవాచకాల నుంచి మొదలుపెట్టి గంటన్నర చెప్పాను. ఏకవచనంలో పురుషులు ఒకవైపు. స్త్రీలు, పశువులు, బల్లలు, బస్సులు మరొకవైపు. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. అతడు శ్రద్ధగా విని, “అయితే క్రియ చివర ‘ంది’ ఉంటే అక్కడ పురుషుడి పేరు తప్ప ఏ పేరైనా పెట్టవచ్చు” అని తేల్చాడు. వందకు వంద మార్కులు వేశాను.

తర్వాత అతడు తన పేరుతోనే యాప్ అంతా పరీక్షించి ఎక్కడా లోపం లేదన్నాడు. నిజమే, అతడి పేరుకు లేదు.

లోపం బయటపడిన రోజున మా డైరెక్టరు గారు పెట్టుబడిదారుల ఎదుట పెద్ద తెర మీద, తన సొంత ఖాతాలోనే తెలుగు పాఠం తెరిచారు. ఖాతాలో ‘ఆమె’ అని ఎంచుకున్నారు. తెరిచినది జంతువుల పాఠం. అందులో ‘ఆవు గడ్డి మేసింది’ అని నేను రాసిన వాక్యంలో ఆవు తప్పుకుని ఆవిడ పేరు వచ్చి నిలబడింది. కర్తకు, క్రియకు పొత్తు అద్భుతంగా కుదిరింది. ఆవిడ ఏదో ఊహించి ‘పుస్తకం చదివింది’ అన్న అర్థాన్ని నొక్కగా, యాప్ టింగుమని మొట్టి, సరైన అర్థాన్ని అందరూ చదువుకునేంత పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో చూపించింది. మన భాషలో మనిషి గడ్డి తినడమంటే ఇంకా పెద్ద నేరమన్న సంగతి ఆ గదిలో నాకొక్కదానికే తెలియడం నా అదృష్టం.

సమావేశం ముగిశాక పిలుపు వచ్చింది. వాక్యంలో వ్యాకరణ దోషం లేదని నేను ముందుగా స్పష్టం చేశాను. అది తెలివైన ప్రారంభం కాదు. ఆవిడ అంతా విని, “ఒక్క స్త్రీ వస్తే ఆవుతో జమ. ఇద్దరు వస్తే?” అని అడిగారు. బహువచనంలో స్త్రీలు పురుషులతో కలిసి ‘వచ్చారు’ అవుతారని, ఆవులు మాత్రం ‘వచ్చాయి’ దగ్గరే ఆగిపోతాయని చెప్పాను. “అయితే నేను తోడుగా ఇంకొకరిని తీసుకురావలసింది” అన్నారావిడ. 18 ఏళ్లుగా నేను కూడా ఆ ఆవు పక్కనే నిలబడి పాఠం చెబుతున్నానని నాకు అప్పుడు స్ఫురించింది. ఒంటరిగా వచ్చినా గౌరవం ఇస్తే బహువచనమే వాడతామని, పేరు పక్కన ‘గారు’ చేరుతుందని గబగబా సర్దిచెప్పాను. మూల కూర్చున్న ప్రోగ్రామరు తల వంచుకుని అది కూడా రాసుకున్నాడు.

ఆ సాయంత్రం నేను తెరిచిన టికెట్‌లో ఆవును అక్కడినుంచి కదపవద్దని స్పష్టంగానే రాశాను. తెల్లవారేసరికి దాని మీద ‘పరిష్కృతం’ అన్న ఆకుపచ్చ ముద్ర కనబడింది. అయితే మనిషి ఎలా మరిచిపోతాడో జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే ప్రకటించిన పుణ్యాన, తప్పుగా జవాబిచ్చిన వాక్యాన్ని మరునాడు, ఆపైన మరికొన్నాళ్ల ఎడంతో మళ్లీ మళ్లీ అడిగే ఏర్పాటు మా యాప్‌లో ఉంది. తొమ్మిది గంటలకు డైరెక్టరు గారు మాట్లాడకుండా తన ఫోను నా ముందు పెట్టారు. ఆవిడ పేరు, దాని పక్కన ఎంతో మర్యాదగా, ‘గారు గడ్డి మేశారు’. తర్వాతి పునశ్చరణ మూడు రోజులకని కింద చిన్న అక్షరాల్లో ఉంది.